ముత్తాత పేరు జాబితాలో లేకపోతే భూమి లేదని అర్థమా?

మీరు అడిగినది ముందు క్లుప్తంగా చెబుతాను, చదివేవాళ్ళందరికీ విషయం తెలియాలి కదా. కందుకూరు దగ్గర మీ ఊరి చరిత్ర రాస్తున్నారు. ఇంట్లో ట్రంకుపెట్టె అడుగున పాత ఓటర్ల జాబితాలోని ఒక కాగితం దొరికింది. అందులో మీ ముత్తాతగారి అన్న పేరు ఉంది, ముత్తాత పేరు లేదు. ఆడవాళ్ళ పేరు ఒక్కటీ లేదు. ఆ కాగితం చూపించి దాయాదులు ‘మీ ముత్తాతకు ఊళ్ళో భూమే లేదు’ అంటున్నారు. ఇంకో కాగితంలో మీ నాయనమ్మ ‘ఫలానావారి భార్య’ అని మాత్రమే ఉంది, పేరు లేదు. ఒంగోలు పక్క పల్లెలో పుట్టిన మీ అమ్మమ్మ 1952లో పార్లమెంటుకు రెండు ఓట్లు వేశానని, రెండూ ఒకే గుర్తు పెట్టెలో వేశానని చెప్పేవారు. అది నిజమేనా అన్నారు. చివరగా, మన ప్రాంతం నుంచి చట్టసభలకు వెళ్ళినవారిలో ఎవరిని ఏ ఊరి సభ్యుడిగా రాయాలో తెలియడం లేదన్నారు.

నేను నెల్లూరు జిల్లాలో రెవెన్యూ ఉద్యోగం చేసి రిటైరయ్యాను. సగం సర్వీసు ఎన్నికల విభాగంలోను, రికార్డు గదిలోను గడిచింది. రిటైరయ్యాక కూడా ఆ కాగితాల మీద ప్రేమ పోక చెన్నై ఎగ్మోరులో పాత ప్రభుత్వ దస్త్రాలు భద్రపరిచే ఆర్కైవ్స్‌కు వెళ్ళి వస్తూ ఉంటాను. కనుక కాస్త పొడుగ్గా రాస్తున్నాను, ఓపికగా చదవండి.

మొదట మీ దాయాదుల మాట. అది నిలబడదు. ఈనాటి ఓటర్ల జాబితా ఊళ్ళో ఉంటున్న పెద్దవాళ్ళు ఎవరో చెబుతుంది. వందేళ్ళ కిందటి జాబితా అలాంటిది కాదు. ప్రభుత్వం దృష్టిలో ఎవరెవరు ఎంత ఆస్తికి బాధ్యులో వడగట్టి తీసిన జాబితా అది. ఈ తేడా తెలియకుండా చదివితే ఎవరైనా తప్పు తీర్పే చెబుతారు.

1919 భారత ప్రభుత్వ చట్టం వచ్చాక, 1920 నవంబరులో మద్రాసు శాసనమండలికి ఎన్నికలు జరిగాయి. మన ప్రాంతమంతా అప్పుడు మద్రాసు రాజధాని (ప్రెసిడెన్సీ) అనే పెద్ద రాష్ట్రంలోదే. నాలుగు కోట్లకు పైగా జనం ఉన్న ఆ రాజధానిలో ఓటు ఉన్నవారు దాదాపు పన్నెండున్నర లక్షల మంది. అంటే వందమందిలో ముగ్గురు. పల్లెల్లో రైతుకు ఓటు రావాలంటే ఏడాదికి 10 రూపాయలకు తగ్గని విలువ గల భూమి అతని పేరున పట్టా అయి ఉండాలి. ఆదాయపు పన్ను కట్టేవారికి, పట్టణాల్లో ఇంటిపన్నో వృత్తిపన్నో నిర్ణీత మొత్తం కట్టేవారికి, సైన్యం నుంచి పింఛను మీద వచ్చినవారికి వేరే దారులు ఉండేవి. వయసు 21 నిండాలి. కౌలుకు చేసుకునేవాడికి, కూలికి వెళ్ళేవాడికి, అన్నతో ఉమ్మడిలో ఉన్న తమ్ముడికి దాదాపు ఏ దారీ లేదు.

ఆ చివరి మాటే మీకు పనికొచ్చేది. ఆనాటి ఎన్నికల నిబంధనల్లో ఉమ్మడి కుటుంబాన్ని ఒకే యూనిట్‌గా తీసుకున్నారు. అర్హత కుటుంబానికి ఉందా లేదా చూసి, ఉంటే కుటుంబ వ్యవహారం నడిపే ఒక్కరి పేరు ఎక్కించేవారు. అయిదుగురు అన్నదమ్ములు కలిసి నలభై ఎకరాలు చేసుకుంటున్నా జాబితాలో కనిపించేది పెద్దవాడే. మిగతా నలుగురికీ పొలంలో వాటా ఉంది, ఓటు లేదు. మీ ముత్తాతగారి అన్న పేరు ఉండి ఆయన పేరు లేదంటే నాకు మొదట తోచే కారణం ఇదే. అప్పటికి అన్నదమ్ములు వేరుపడలేదు, పట్టా అన్న పేరున ఉంది. ఆ కాగితం మీ ముత్తాతకు భూమి లేదని చెప్పడం లేదు సరికదా, ఆ ఏటికి ఇల్లు ఉమ్మడిగా ఉందనడానికే ఎక్కువ పనికొస్తుంది.

అయితే నా మాట మీద కూడా ఆగిపోకండి. సరిచూసుకునే మార్గం ఉంది. మీ ఊరి రీసెటిల్‌మెంట్ రిజిస్టరు, అంటే భూమి శిస్తు మళ్ళీ నిర్ణయించినప్పుడు రాసిన, మన కచేరీల్లో డైగ్లాట్ అనే పెద్ద పుస్తకం, తహసీల్దారు కార్యాలయంలోనో కలెక్టరేటు రికార్డు గదిలోనో ఉంటుంది. ఒక్కొక్క సర్వే నంబరుకు ఎదురుగా విస్తీర్ణం, తరం (నేల రకం), శిస్తు, పట్టా నంబరు, పట్టాదారు పేరు వరుసగా ఉంటాయి. మీ ఇంటిపేరు మీద ఉన్న పట్టా నంబరు పట్టుకుని, దాని కింద వచ్చే సర్వే నంబర్ల శిస్తులన్నీ కూడండి. 10 రూపాయలు దాటితే ఆ పట్టా పేరు మీద ఒక ఓటు పుట్టింది. ఉమ్మడి పట్టా అయితే పేరు పక్కన ‘మరి ఇద్దరు’ అనో తమ్ముళ్ళ పేర్లతోనో రాసి ఉండవచ్చు. తర్వాత సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో పంపకాల దస్తావేజు వెతకండి. పంపకం తేదీ మీ జాబితా సంవత్సరానికి తర్వాతది అయితే దాయాదులతో వాదం అక్కడికి తెగిపోతుంది.

నేను ఒకసారి ఇలాంటి పుస్తకం తెరిచి చూస్తుంటే ఒక పట్టాదారు పేరు మీద ఎర్రసిరాతో గీత, పక్కన చిన్న అక్షరాలతో కొత్త పేరు, కింద కరణం పొట్టి సంతకం కనిపించాయి. ఆ గీత ఎప్పుడు పడిందో తెలిస్తేనే ఓటు అన్న నుంచి తమ్ముడికి ఎప్పుడు మారిందో తెలుస్తుంది. పుస్తకం అంచులు బిస్కెట్‌లా విరిగిపోతున్నాయి. పేజీని వేలితో కాకుండా అట్టముక్కతో తిప్పాను. మీరు వెళ్ళినప్పుడు కూడా అలాగే చేయండి. సిబ్బంది తొందరపెట్టినా మీరు తొందరపడవద్దు.

మీ బంధువులు ఎవరైనా పొదిలి, దర్శి వైపు ఉంటే వాళ్ళ వెతుకులాట వేరు. ఆ ప్రాంతం వెంకటగిరి సంస్థానం కింద ఉండేది. అక్కడి రైతు ప్రభుత్వానికి కాక జమీందారుకు కట్టేవాడు. కనుక రుజువు ఎస్టేటు లెక్కల్లో వెతకాలి. 1948 ఎస్టేట్ల రద్దు చట్టం తర్వాతే ఆ ఊళ్ళు రైతు నేరుగా ప్రభుత్వానికి శిస్తు కట్టే రైత్వారీ లెక్కల్లోకి వచ్చాయి. కందుకూరు వైపు చూసిన కళ్ళతో దర్శి లెక్కలు చూస్తే ఏమీ దొరకలేదని నిరాశపడతారు.

ఇక మీ కాగితం ఏ ఏటిదో ముందు తేల్చుకోవాలి. 1926 నాటిదని మీరు అనుకుంటున్నారు, కానీ దాని మీద సంవత్సరం లేదని కూడా రాశారు. కాగితం పైన ఉండే శీర్షిక చూడండి. నాన్ మహమ్మదన్ రూరల్, లేదా మహమ్మదీయేతర గ్రామీణ నియోజకవర్గం అన్న మాట ఉంటే అది 1919 చట్టం కింద తయారైన జాబితా. అప్పుడు మహమ్మదీయులకు, భారతీయ క్రైస్తవులకు, యూరోపియన్లకు, జమీందారులకు, విశ్వవిద్యాలయానికి వేర్వేరు నియోజకవర్గాలు, వేర్వేరు జాబితాలు ఉండేవి. గుంటూరు కమ్ నెల్లూరు అని ఉంటే అది మద్రాసుకు కాదు, ఢిల్లీలోని కేంద్ర శాసనసభకు సంబంధించినది. ఎన్.జి. రంగా గారు ఆ సభలో ప్రాతినిధ్యం వహించింది ఆ నియోజకవర్గానికే. కేంద్ర సభకు ఓటు కావాలంటే ఆస్తి ఇంకా ఎక్కువ ఉండాలి కనుక ఆ జాబితాలు మరీ పొట్టివి. జనరల్ అన్న మాట ఉంటే 1935 చట్టం తర్వాతది, అంటే 1937 ఎన్నికల కాలానిది. ఇవేవీ కాకుండా తాలూకా బోర్డు అని ఉంటే అది చట్టసభకు సంబంధించిందే కాదు, స్థానిక సంస్థల జాబితా. దాని అర్హతలు వేరు. తాలూకా బోర్డులు 1934లో రద్దయ్యాయి కాబట్టి కాగితం అంతకు ముందుదని మాత్రం తెలుస్తుంది. ఎంతోమంది తాలూకా బోర్డు జాబితా చేతిలో పెట్టుకుని శాసనమండలి నిబంధనలతో కుస్తీ పడటం నేను చూశాను. అందుకే శీర్షిక భాగం చిరిగిపోయినా ఆ ముక్క కోసం పెట్టె అంతా మరోసారి వెతకండి.

ఆడవాళ్ళ పేర్లు లేకపోవడం సంగతి. 1919 చట్టం కింద వచ్చిన నిబంధనలు స్త్రీలను పక్కన పెట్టాయి గాని, ఏ రాష్ట్ర శాసనమండలి అయినా తీర్మానం చేసి ఆ అడ్డు తీసేయవచ్చని వెసులుబాటు ఇచ్చాయి. బ్రిటిష్ ఇండియా రాష్ట్రాల్లో మొట్టమొదట ఆ తీర్మానం చేసింది మన మద్రాసు మండలే, 1921 ఏప్రిల్‌లో. ఇది మనం గర్వంగా చెప్పుకోవలసిన సంగతి. కానీ మగవాళ్ళకు ఉన్న ఆస్తి షరతే ఆడవాళ్ళకూ వర్తించింది. పట్టా తన పేరున ఉన్న స్త్రీ పల్లెలో ఎందరు? వితంతువుకు భర్త భూమి సంక్రమించినప్పుడో, పుట్టింటివారు పసుపు కుంకుమల కింద రాసిచ్చినప్పుడో తప్ప ఉండేది కాదు. కాబట్టి మీ కాగితంలో ఆడవాళ్ళు లేకపోయినంత మాత్రాన అది 1921కి ముందుదని అనుకోకూడదు. 1926లో కూడా ఒక ఊరి పేజీ మొత్తం మగవాళ్ళతో నిండి ఉండవచ్చు. స్త్రీలు మండలికి పోటీ చేసే హక్కు వచ్చింది 1926లో. ఆ ఏడాది కమలాదేవి చట్టోపాధ్యాయ మంగళూరులో నిలబడి కొద్దిలో ఓడిపోయారు. 1927లో డాక్టర్ ముత్తులక్ష్మీరెడ్డి నామినేట్ అయి మండలిలో అడుగుపెట్టి, ఉపాధ్యక్షురాలయ్యారు.

1935 చట్టం దారిని కొంచెం వెడల్పు చేసింది. చదవడం రాయడం వచ్చిన స్త్రీకి, నిర్ణీత ఆస్తి ఉన్నవాడి భార్యకు, సైనికుడి పింఛను పొందే తల్లికి లేదా వితంతువుకు ఓటు వచ్చింది. మద్రాసు శాసనసభలోని 215 స్థానాల్లో 8 స్త్రీలకు కేటాయించారు. అయినా దేశంలో అత్యధికులకు ఓటు లేదు. భర్త ఆస్తి చూసి భార్యకు ఓటు ఇచ్చిన ఆ పద్ధతిలోనే ‘ఫలానావారి భార్య’ అన్న గుర్తింపు జాబితాల్లోకి గట్టిగా పాకిందని నా అభిప్రాయం.

ఇక్కడ మీ నాయనమ్మ కాగితం దగ్గరకు వస్తాం. స్వతంత్రం వచ్చాక, రాజ్యాంగం ఇంకా పూర్తి కాకముందే, 1948లో ఊరూరా ఇంటింటికీ తిరిగి 21 ఏళ్ళు నిండిన ప్రతి ఒక్కరి పేరూ రాసే పని మొదలైంది. ఆస్తి అడగలేదు, చదువు అడగలేదు. అంతవరకు శిస్తు పుస్తకం చూసి జాబితా రాయడం అలవాటైన చేతులు మొదటిసారి గుడిసెలకు వెళ్ళి పేర్లు రాశాయి. చాలాచోట్ల స్త్రీలు తమ పేరు చెప్పలేదు, కొత్తవాడికి చెప్పకూడదనుకున్నారు. రాసేవాడూ ‘సుబ్బయ్య భార్య’, ‘రామయ్య తల్లి’ అని రాసుకుపోయాడు. మొదటి ప్రధాన ఎన్నికల కమిషనర్ సుకుమార్ సేన్ దానికి ఒప్పుకోలేదు. ఓటరుకు సొంత పేరు ఉండి తీరాలన్నారు. దిద్దుకోవడానికి అవకాశం ఇచ్చినా పేరు రానివాళ్ళను జాబితా నుంచి తీసేశారు. దేశం మొత్తం మీద దాదాపు 28 లక్షల మంది స్త్రీలు అలా మొదటి ఎన్నికల్లో ఓటు పోగొట్టుకున్నారు. అందులో ఎక్కువమంది ఉత్తరాది రాష్ట్రాలవారు. ఆ ఎన్నికల మొత్తం ఓటర్లు 17 కోట్ల 32 లక్షలు.

కాబట్టి మీ నాయనమ్మ పేరు లేకుండా ఉన్న కాగితం ముసాయిదా జాబితాలోది కావడానికే అవకాశం ఎక్కువ. తుది జాబితాలో ఆమె పేరుతో ఉండి ఉండవచ్చు, లేదా అసలు లేకుండా పోయి ఉండవచ్చు. రెండింటిలో ఏది జరిగిందో చూడకుండా ‘మా నాయనమ్మకు 1952లో ఓటు ఉంది’ అని ఊరి చరిత్రలో రాయకండి. ఆ ఒక్క వాక్యం కోసం మీరు ఒక రోజు ఖర్చు పెట్టినా తక్కువే.

ఈ విషయంలో నాకు ఒక జ్ఞాపకం ఉంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఉదయగిరి వైపు ఒక పల్లెలో ఓటర్ల సవరణకు తిరుగుతున్నాను. వేపచెట్టు కింద కంది పప్పు విసురుతున్న ఒక ముసలమ్మను పేరు అడిగాను. తిరగలి ఆపకుండానే ‘నారాయణ వాళ్ళమ్మను’ అంది. ‘అది కాదమ్మా, నీ పేరు’ అన్నాను. తిరగలి ఆగింది. ఆమె లోపలికి చూసింది. కోడలు గడపలోకి వచ్చి చెప్పింది: ‘ఆదిలక్ష్మమ్మ’. నా చేతిలో ఉన్న పాత జాబితాలో ఆ ఇంటి నంబరు ఎదుట కొడుకు, కోడలు ఇద్దరే ఉన్నారు. ఆమె ఎన్నేళ్ళుగా జాబితాలో లేదో లెక్క కట్టుకుంటూ నేను దరఖాస్తు నింపాను. వేలిముద్ర వేసేటప్పుడు ఆమె చేతికి అంటిన పప్పుపొడి కాగితం మీద పడింది. ఆ పొడి ఊదేసి, పేరు పెద్ద అక్షరాలతో రాశాను.

మీ అమ్మమ్మ రెండు ఓట్ల మాట పూర్తిగా నిజం. 1952లో ఒంగోలు లోక్‌సభ నియోజకవర్గం నుంచి ఇద్దరు సభ్యులు ఎన్నికయ్యారు. ఒక స్థానం సాధారణ స్థానం, రెండోది షెడ్యూల్డు కులాలకు కేటాయించింది. అక్కడి ప్రతి ఓటరుకూ లోక్‌సభకే రెండు బ్యాలెట్ పత్రాలు ఇచ్చారు. గెలిచినవారు పి. వెంకటరాఘవయ్య, ఎం. నానాదాసు. అప్పట్లో పత్రం మీద ముద్ర వేయడం లేదు. మూల గదిలో ఒక్కొక్క అభ్యర్థికి ఒక్కొక్క పెట్టె, పెట్టె మీద గుర్తు. మనకు నచ్చిన పెట్టెలో కాగితం వేసి రావడమే. రెండు ఓట్లు ఇద్దరికి వేయాలి, ఒకే పెట్టెలో రెండూ వేస్తే ఒకటే లెక్కకు వస్తుంది. మీ అమ్మమ్మ రెండూ ఒకే గుర్తుకు వేశారంటే ఆమె ఓటు ఒకటి చెల్లింది, ఒకటి పోయింది. ఆమె జ్ఞాపకంలో తప్పేమీ లేదు. ఊరి చరిత్రలో ఆ మాట ఆమె చెప్పినట్టే రాసి, పక్కనే ఈ నిబంధన చేర్చండి.

ఇద్దరు సభ్యుల పద్ధతిలో లెక్కింపు కూడా విచిత్రంగా ఉండేది. ముందు రిజర్వుడు వర్గం అభ్యర్థుల్లో ఎక్కువ ఓట్లు వచ్చినవారిని రిజర్వు స్థానానికి గెలిచినట్టు ప్రకటించాలి. ఆ తర్వాత మిగిలినవారందరిలో, రిజర్వుడు వర్గంవారితో సహా, ఎక్కువ ఓట్లు వచ్చినవారు రెండో స్థానానికి గెలిచినట్టు. 1957లో పార్వతీపురంలో ఇలాగే రెండు స్థానాలూ షెడ్యూల్డు తెగల అభ్యర్థులకే దక్కాయి, తర్వాత రాష్ట్రపతి అయిన వి.వి. గిరి అక్కడ ఓడిపోయారు. ఆ వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. ఫలితం సరైనదేనని కోర్టు 1959లో తేల్చింది. 1961లో చట్టం చేసి ఇద్దరు సభ్యుల నియోజకవర్గాలను ఎత్తేశారు. కాబట్టి 1952, 1957 ఫలితాల్లో ఒక ఊరికి ఇద్దరు ఎంపీలు కనిపిస్తే అచ్చు తప్పు అనుకోకండి.

ఒకే మనిషికి రెండు రకాల ఓటు ఈనాటికీ ఉంది. ప్రకాశం, నెల్లూరు, చిత్తూరు పట్టభద్రుల నియోజకవర్గంలో, ఉపాధ్యాయ నియోజకవర్గంలో శాసనమండలికి వేసే ఓటు అలాంటిదే. వాటి జాబితా వేరు, ప్రతిసారీ కొత్తగా దరఖాస్తు చేసుకోవాలి. డిగ్రీ పూర్తయి మూడేళ్ళు గడిచి ఉండాలి. మామూలు జాబితాలో ఉన్నాను కదా అని ఊరుకుని పోలింగు రోజు వచ్చి బాధపడేవాళ్ళు ప్రతిసారీ ఉంటారు.

ఇక ఏ కాగితం ఎక్కడ వెతకాలి? మన ప్రాంతానికి ఇది అన్నిటికంటే చిక్కు ప్రశ్న, ఎందుకంటే ఊళ్ళు కదలలేదు గాని జిల్లాలు కదిలాయి. ఒంగోలు తాలూకా 1904 దాకా నెల్లూరు జిల్లాలో ఉండి, ఆ ఏడు గుంటూరు జిల్లా ఏర్పడినప్పుడు అందులోకి పోయింది. కందుకూరు, కనిగిరి, పొదిలి, దర్శి 1970 దాకా నెల్లూరులోనే ఉన్నాయి. మార్కాపురం, గిద్దలూరు వైపు కర్నూలు జిల్లా. ఈ మూడింటి ముక్కలు కలిపి 1970లో ఒంగోలు జిల్లా చేశారు, 1972లో ప్రకాశం అని పేరు పెట్టారు. 2022లో కందుకూరు మళ్ళీ నెల్లూరు జిల్లాకు వచ్చింది. అంటే మీ ఊరి 1937 జాబితా గురించి నెల్లూరు పాత దస్త్రాల్లో చూడాలి, మీ అమ్మమ్మ ఊరిది గుంటూరు దస్త్రాల్లో చూడాలి. 1970 తర్వాత యాభై ఏళ్ళవి ఒంగోలులో అడగాలి. ఈ మూడు మెట్లూ ఎక్కకుండా ఒక కార్యాలయంలో ‘లేదు’ అన్న మాట విని వెనక్కి వచ్చేసినవాళ్ళు చాలామంది. నాకే ఒక కార్యాలయంలో ‘ఆ ఊరు మాది కాదు’ అన్నారు, ఆ ఊరి కట్ట మాత్రం వాళ్ళ బీరువా పైనే ఎర్రగుడ్డలో ఉంది. ఇంకో రోజు వెళ్ళి, పాత తాలూకా పేరుతో అడిగితే దొరికింది. అందుకే దరఖాస్తులో ఊరి పేరు, ఇప్పటి మండలంతో పాటు ఆనాటి తాలూకా, ఆనాటి జిల్లా కూడా రాయండి.

1953 అక్టోబరు 1కి ముందు మనది మద్రాసు రాష్ట్రం కాబట్టి ప్రభుత్వ ఉత్తర్వులు, నిబంధనల సవరణలు, అభ్యర్థుల వివాదాల దస్త్రాలు ఎగ్మోరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో వెతకాలి. అక్కడ ప్రభుత్వ ఉత్తర్వులు శాఖలవారీగా, సంవత్సరాలవారీగా కట్టి ఉంటాయి. ప్రతి సంవత్సరానికీ సూచిక ఉంటుంది. ముందు సూచికలోనే సగం రోజు గడపండి. మద్రాసు ప్రభుత్వ ప్రకటనలు అచ్చయ్యే ఫోర్ట్ సెయింట్ జార్జ్ గెజిట్ సంపుటాల్లో నియోజకవర్గాల హద్దులు, గెలిచినవారి పేర్లు ప్రకటనలుగా కనిపిస్తాయి. ఊరు పేరుతో వెతికితే ఏదీ రాదు, జిల్లా పేరుతో, సంవత్సరంతో వెతకాలి. ఢిల్లీలోని జాతీయ ఆర్కైవ్స్ దస్త్రాలు కొన్ని అభిలేఖ్ పటల్ అనే వారి వెబ్‌సైటులో ఇంట్లో కూర్చునే చూడవచ్చు. 1951 నుంచి జరిగిన ఎన్నికల ఫలితాల నివేదికలు ఎన్నికల సంఘం వెబ్‌సైటులో ఉన్నాయి, కానీ అవి నియోజకవర్గం మొత్తానికి చెప్పే లెక్కలు, మీ వీధి వాటిలో ఉండదు.

1960 తర్వాతి జాబితాలకు మీ చేతిలో ఒక హక్కు ఉంది. ఓటర్ల నమోదు నిబంధనలు, 1960లో 32వ నిబంధన ప్రకారం ప్రతి నియోజకవర్గం తుది జాబితా ప్రతి ఒకటి, అధికారి ధ్రువీకరణతో, శాశ్వత రికార్డుగా ఉంచాలి. ఎక్కడ ఉంచాలో రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారి నిర్ణయిస్తారు. 33వ నిబంధన ఆ కాగితాలు చూసే హక్కు, రుసుము కట్టి ధ్రువీకరించిన నకలు తీసుకునే హక్కు ఇస్తుంది. దరఖాస్తులో ఆ రెండు నంబర్లూ రాయండి. రాసిన రోజు, రాయని రోజు మధ్య తేడా నేను కౌంటరుకు రెండు వైపులా కూర్చుని చూశాను.

కొన్ని మాత్రం ఎక్కడా దొరకవు, దొరకకూడదు కూడా. ముత్తాత ఎవరికి ఓటు వేశారో ఏ దస్త్రమూ చెప్పదు. పోలింగులో వాడిన బ్యాలెట్లు, గుర్తులు పెట్టిన జాబితా ప్రతులు సీలు వేసి ఉంచి, 1961 ఎన్నికల నిర్వహణ నిబంధనల ప్రకారం గడువు తీరాక ధ్వంసం చేస్తారు. కోర్టు ఆదేశిస్తే తప్ప వాటిని తెరవరు. ‘మా తాత ఫలానా ఎన్నికల్లో ఓటు వేశాడు’ అనే రుజువు కావాలని అడిగేవాళ్ళకు నేను చెప్పేది ఒకటే, ఓటు ఉందని చూపించవచ్చు, వేశాడని చూపించలేం.

చివరగా సభ్యుల సంగతి. ఎవరు ఏ ఊరివారు అన్నది ఒకటి, ఏ నియోజకవర్గానికి ప్రాతినిధ్యం వహించారన్నది మరొకటి. మీ పట్టికలో ఈ రెంటికీ వేర్వేరు గడులు పెట్టండి. లోక్‌సభకు పోటీ చేయాలంటే 25 ఏళ్ళు నిండాలి, దేశంలో ఏదో ఒక పార్లమెంటు నియోజకవర్గంలో ఓటరై ఉంటే చాలు. శాసనసభకైతే ఆ రాష్ట్రంలో ఓటరై ఉండాలి. రాజ్యసభకు 30 ఏళ్ళు. ఏ రాష్ట్రం నుంచి ఎన్నికవుతారో ఆ రాష్ట్రంలోనే ఓటరై ఉండాలన్న షరతు 2003 దాకా ఉండేది. ఆ ఏడు దాన్ని తీసేశారు, 2006లో సుప్రీంకోర్టు ఆ సవరణ చెల్లుతుందంది. మన జిల్లా పేర్లతోనే చూడండి. అలగానిపాడులో పుట్టిన పుచ్చలపల్లి సుందరయ్య 1952లో మద్రాసు రాష్ట్రం నుంచి రాజ్యసభకు వెళ్ళి, 1955లో కృష్ణా జిల్లా గన్నవరం నుంచి శాసనసభకు వచ్చారు. చవటపాలెంలో పుట్టిన వెంకయ్యనాయుడు ఉదయగిరి నుంచి శాసనసభకు రెండుసార్లు గెలిచి, తర్వాత కర్ణాటక నుంచి, ఆపైన రాజస్థాన్ నుంచి రాజ్యసభ సభ్యులయ్యారు. వీళ్ళను ‘నెల్లూరు సభ్యులు’ అని ఒకే గడిలో రాస్తే సమాచారం చెడిపోతుంది.

బుచ్చిరెడ్డిపాలెం బెజవాడ రామచంద్రారెడ్డి గారి గురించి మీరు ప్రత్యేకంగా ఒక పేజీ రాయాలని నా కోరిక. ఆయన 1930 నుంచి 1937 దాకా మద్రాసు శాసనమండలికి అధ్యక్షులు. 1952లో నెల్లూరు నుంచి తొలి లోక్‌సభకు ఎన్నికయ్యారు. మొదటిసారి ఆయన కూర్చున్న సభకు ఓటు వేసింది పట్టా ఉన్న కొద్దిమంది. రెండోసారి ఓటు వేసినవారిలో ఆ పట్టాదారుల పొలాల్లో కూలికి వెళ్ళినవారు, వారి భార్యలు ఉన్నారు. ఒకే మనిషి, ఒకే ప్రాంతం, రెండు జాబితాలు. మీ ఊరివి ఆ రెండు జాబితాలూ దొరికితే పక్కపక్కన అచ్చువేయండి, దానికంటే మంచి అధ్యాయం మీ పుస్తకంలో ఉండదు.

భూమికి, ఓటుకు ఉన్న ఆ ముడి ఇప్పుడు ఎంతగా తెగిపోయిందో కూడా అందులో రాయండి. 1950 ప్రజాప్రాతినిధ్య చట్టం ప్రకారం ఓటు అనేది సాధారణంగా నివసించే చోట ఉంటుంది. ఊళ్ళో సొంత ఇల్లు ఉందన్న ఒక్క కారణంతో అక్కడ నివాసి అని భావించరాదని 20వ సెక్షన్ స్పష్టంగా చెబుతుంది. వయసును 21 నుంచి 18కి తగ్గించిన 61వ రాజ్యాంగ సవరణ 1989 మార్చిలో అమల్లోకి వచ్చింది. ఈ తేదీలు పక్కన పెట్టుకుంటే, ఏ ఏటి జాబితాలో ఎవరు ఉండాలో, ఎవరు ఉండరో మీరే చెప్పగలరు.

ఒక పని మాత్రం ఈ రోజే చేయండి. ట్రంకుపెట్టెలో దొరికిన ఆ రెండు కాగితాలను ఎవరు చెప్పినా లామినేషన్ చేయించకండి. నాకు తెలిసిన ఒక కుటుంబం 1937 జాబితా పేజీని భద్రంగా ఉంటుందని లామినేట్ చేయించింది. వేడికి సిరా గోధుమరంగులోకి తిరిగి, నాలుగేళ్ళలో సగం పేర్లు చదవరాకుండా పోయాయి. ప్లాస్టిక్ వలిస్తే కాగితం కూడా దానితోపాటే వస్తోంది. మీరు కాగితాన్ని మడత విప్పి, తెల్లటి నూలుగుడ్డ మీద పరిచి, నీడలో రెండు వైపులా ఫొటో తీయండి. వెనక వైపు ఖాళీగా ఉన్నా తీయండి. అక్కడ పెన్సిలుతో రాసిన పార్టు నంబరు (జాబితా భాగం నంబరు) గాని, ప్రెస్సు పేరు గాని ఉండవచ్చు. తర్వాత రంగు లేని కాగితంలో చుట్టి గట్టి అట్టల మధ్య పెట్టి పెట్టెలోనే ఉంచండి. ఆ ఫొటోలు ఇక్కడ పెడితే శీర్షిక చూసి ఏ ఏటిదో నేను చెబుతాను. పేర్లున్న భాగం కప్పి పెట్టినా సరే, నాకు పై అంగుళం చాలు.